ఓల్డ్‌కి వ్యతిరేక పదం ఏది?



ఈవేళ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట ఓల్డ్. మూడే అక్షరాలు. మన పిల్లలు బడిలో చేరిన కొత్తల్లోనే నేర్చుకుంటారు. చైనా పిల్లలు ముందుగా నేర్చుకునే ఇంగ్లీషు మాటల్లో కూడా ఇదొకటి. అక్కడ 2001 తర్వాత మూడో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టారు. అంటే ఎనిమిది, తొమ్మిదేళ్లకే ఈ మాట వాళ్ల నోట్లో పడుతుంది. అయినా పెద్ద చదువులు చదివి, ఉద్యోగాల్లో చేరి, పరాయి దేశాలకు వెళ్లాక కూడా చైనావాళ్లు చాలామంది ఈ మాట దగ్గర తడబడుతుంటారు.

తెలివి తక్కువై కాదు. శ్రద్ధ తక్కువై అసలే కాదు. ఓల్డ్ అనే ఒక్క మాట చేసే పనిని వాళ్ల భాషలో నాలుగైదు మాటలు పంచుకుంటాయి. పైగా వాళ్ల మాటల్లో ఒకటి, ఓల్డ్ ఎన్నడూ చెయ్యని పనులు కూడా చేస్తుంది. చిక్కంతా అక్కడే వస్తుంది.

మరి దీనికి ఉపాయం ఉందా? ఉంది. చిన్న ఉపాయం. దాన్ని ముందే చెప్పేస్తాను. తర్వాత తీరిగ్గా ఉదాహరణలు చూద్దాం. ఓల్డ్ అనే మాట ఎదురైనప్పుడు దాని అర్థం ఏమిటని అడగకండి. ఇక్కడ దాని వ్యతిరేక పదం ఏమిటని అడగండి. అర్థం కాదు, వ్యతిరేక పదం. ఈ ఒక్క ప్రశ్న గుర్తుంచుకుంటే చాలు.

చైనాలో పిల్లలు మాటలు కంఠస్థం చేసే వర్డ్ బుక్కులు ఉంటాయి. ఒక పక్క ఇంగ్లీషు మాట, రెండో పక్క చైనీస్ అర్థం. ఓల్డ్ ఎదురుగా సాధారణంగా రెండు మాటలు కనిపిస్తాయి. లావో, జియౌ. మళ్లీ చెప్తాను. లావో, జియౌ. లావో అంటే వయసు మళ్లిన. జియౌ అంటే వాడి వాడి పాతబడిన. మనిషి లావో అవుతాడు. చొక్కా జియౌ అవుతుంది. చొక్కాను లావో అనరు. తాతగారిని జియౌ అనరు.

ఇది వినగానే మీకు మన తెలుగు గుర్తొచ్చి ఉంటుంది. మనమూ అంతే కదా. ముసలి తాత అంటాం, పాత తాత అనం. పాత సైకిల్ అంటాం, ముసలి సైకిల్ అనం. మనిషికి ఒక మాట, వస్తువుకు ఒక మాట. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు. ఓల్డ్ మ్యాన్, ఓల్డ్ సైకిల్. రెంటికీ ఒకటే మాట. ఈ విషయంలో మనమూ చైనావాళ్లూ ఒకే గట్టున ఉన్నాం. అందుకే వాళ్ల ఇబ్బంది మనకు ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు మన ప్రశ్న వేసి చూద్దాం. ఓల్డ్ మ్యాన్‌కి వ్యతిరేకం ఏమిటి? యంగ్ మ్యాన్. అయితే అక్కడ ఓల్డ్ అంటే ముసలి. చైనీస్‌లో లావో. ఓల్డ్ సైకిల్‌కి వ్యతిరేకం ఏమిటి? న్యూ సైకిల్. అయితే అక్కడ ఓల్డ్ అంటే పాత. చైనీస్‌లో జియౌ. యంగ్ వస్తే ముసలి. న్యూ వస్తే పాత. ఇంతవరకు సులువే.

ఓల్డ్ ఫ్రెండ్ దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది. ఫ్రెండ్ మనిషే కదా. మనిషి పక్కన ఓల్డ్ వచ్చింది కాబట్టి ముసలివాడనుకోవచ్చా? అనుకోకూడదు. పాతికేళ్ల కుర్రాడు కూడా మరో కుర్రాడికి ఓల్డ్ ఫ్రెండ్ కావచ్చు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగితే చాలు. దీనికి వ్యతిరేకం యంగ్ ఫ్రెండ్ కాదు. న్యూ ఫ్రెండ్. న్యూ వచ్చింది కాబట్టి ఇక్కడ వయసు మనిషిది కాదు, స్నేహానిది. మనం పాత స్నేహితుడు అంటాం. చైనావాళ్లు మాత్రం లావో పంగ్‌యో అంటారు. జియౌ కాదు, లావోయే. వాళ్లకు ఇక్కడ పెద్దగా కష్టం లేదు, మాట సరిగ్గా అతుకుతుంది. కష్టం వాక్యం మార్చినప్పుడు వస్తుంది. షీ ఈజ్ మై ఓల్డ్ ఫ్రెండ్ అంటే ఆవిడ నాకు ఎప్పటి నుంచో స్నేహితురాలు. మై ఫ్రెండ్ ఈజ్ ఓల్డ్ అన్నారో, ఆవిడ ముసలిది అయిపోయింది. ఓల్డ్ జరిగింది ఒక్క అడుగే. వ్యతిరేక పదం మాత్రం న్యూ నుంచి యంగ్‌కి మారిపోయింది.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టే అర్థం చూద్దాం. మై ఓల్డ్ స్కూల్. మై ఓల్డ్ బాస్. మై ఓల్డ్ టీచర్. ఇక్కడ స్కూలు కట్టడం నిన్న మొన్నటిది కావచ్చు. బాస్ ముప్పై ఏళ్ల అమ్మాయి కావచ్చు. వ్యతిరేకం అడగండి. న్యూ స్కూలు అన్నా సరిపోతుంది. ప్రెజెంట్ స్కూలు అంటే ఇంకా బాగా సరిపోతుంది. అంటే ఇప్పుడు చదువుతున్న బడి. కాబట్టి ఓల్డ్ అంటే ఇదివరకు చదివిన బడి, ఇదివరకు పనిచేసిన చోటి బాస్, ఒకప్పుడు పాఠం చెప్పిన టీచర్. ముసలి కాదు, అరిగిపోయింది కాదు. మునుపటిది. మనకు దీనికి విడిగా మంచి మాటే ఉంది. పూర్వ విద్యార్థి అంటాం. ఇంగ్లీషులో ఓల్డ్ స్టూడెంట్స్ అసోసియేషన్ అని బోర్డు పెట్టే కాలేజీలే తెలుగులో పూర్వ విద్యార్థుల సంఘం అని రాస్తాయి. ముసలి విద్యార్థుల సంఘం అని ఎవరూ రాయరు.

చైనీస్‌లో కూడా ఈ మునుపటి అనే భావానికి వేరే మాటలున్నాయి. మామూలు మాటల్లో యిచియెన్ ద అంటారు. అంటే ఇదివరకటి. పెద్ద పుస్తకాల భాషలో గు అనే మాట ఉంది. గొంతు పైనుంచి కిందికి గట్టిగా దించి పలకాలి. గు. ఈ మాట చాలా గొప్ప పేర్లలో కూర్చుని ఉంది. బీజింగ్‌లో చక్రవర్తుల కోట ఉంది కదా. దాన్ని చైనావాళ్లు గుగుంగ్ అంటారు. అంటే మునుపటి రాజభవనం. చివరి చక్రవర్తి పూయీని 1924 నవంబరులో అక్కడి నుంచి పంపేశారు. 1925 అక్టోబరు 10న అది మ్యూజియంగా తలుపులు తెరిచింది. రాజు లేని రాజభవనం కాబట్టి గు. అది పాతది కూడా. కానీ ఆ పేరు చెప్తున్నది పాతదని కాదు. ఒకప్పుడు రాజభవనం, ఇప్పుడు కాదు అని.

చైనా రచయిత లూ షున్ పేరు సాహిత్యం చదివే మనవాళ్లకు కొత్తది కాదు. ఆయన 1921లో ఒక కథ అచ్చు వేయించారు. దాని పేరులోనూ ఇదే గు. గుషియాంగ్. అంటే పుట్టి పెరిగిన ఊరు, వదిలి వచ్చిన ఊరు. ఎక్కడో దూరాన బతుకుతున్న మనిషి, ఊళ్లో ఇంటి సంగతి తేల్చేసి తల్లిని తనతో తీసుకుపోవడానికి వస్తాడు. ఆ కథను యాంగ్ షియెన్‌యి, గ్లాడిస్ యాంగ్ అనే భార్యాభర్తలు ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆయన చైనావారు. ఆమె ఇంగ్లీషు కుటుంబంలో, కానీ బీజింగ్‌లోనే పుట్టారు. ఇద్దరికీ రెండు భాషలూ కొట్టిన పిండి. వాళ్లు పెట్టిన పేరు మై ఓల్డ్ హోమ్. చాలా సొగసైన పేరు. ఆ ఓల్డ్‌కి వ్యతిరేకం ఏమిటో కథ చదివితే తెలుస్తుంది. అతను ఇప్పుడుంటున్న కొత్త చోటు.

అయితే ఇదే పేరు చూసి ఒక విద్యార్థి పొరబడటానికి దారి ఉంది. చైనావాళ్లు సొంతూరిని మామూలుగా లావోజ్యా అంటారు. లావో అంటే ఓల్డ్, జ్యా అంటే ఇల్లు. మాటకు మాట పెడితే ఓల్డ్ హోమ్. ఒక చైనా ఇంజనీరు తోటి ఉద్యోగితో, ఈ సెలవులకు మై ఓల్డ్ హోమ్‌కి వెళ్తున్నాను అన్నాడనుకుందాం. వినేవాడు ఏమనుకుంటాడు? ఇతను ఇదివరకు అద్దెకున్న ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాడా అనుకుంటాడు. ఎందుకంటే అతని చెవిలో ఓల్డ్ హోమ్‌కి వ్యతిరేకం న్యూ హోమ్. లావోజ్యాకి మాత్రం అలాంటి వ్యతిరేకం లేదు. మనిషి ఎన్ని ఇళ్లు మారినా లావోజ్యా మారదు. కొందరు అక్కడ పుట్టి కూడా ఉండరు. తండ్రిదో తాతదో ఊరు. అయినా లావోజ్యా ఎక్కడ అని అడిగితే ఆ ఊరి పేరే చెప్తారు. హైదరాబాదులో పుట్టిన పిల్ల, మాది తెనాలి అని చెప్పినట్టే. కాబట్టి ఇంగ్లీషులో హోమ్‌టౌన్ అనాలి. లేదా, మై ఫ్యామిలీ ఈజ్ ఫ్రమ్ అని ఊరి పేరు చెప్పాలి. ఓల్డ్ మాటే ఎత్తకూడదు.

వ్యతిరేక పదం అడగండి అన్నాను. ఊళ్ల పేర్లలో ఇది ఎంత చక్కగా పనిచేస్తుందో చూడండి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోని చైనీస్‌లో జియౌజిన్‌షాన్ అంటారు. జియౌ అంటే పాత. జిన్‌షాన్ అంటే బంగారు కొండ. పాత బంగారు కొండ. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. దక్షిణ చైనా నుంచి వేలమంది ఓడలెక్కి వెళ్లారు. వాళ్లకు అది బంగారు కొండ. 1851లో ఆస్ట్రేలియాలో విక్టోరియా ప్రాంతంలోనూ బంగారం పడింది. మెల్‌బోర్న్ కొత్త బంగారు కొండ అయింది. కొత్తది పుట్టాకే మొదటిది పాతది అయింది. వ్యతిరేక పదం పుడితే తప్ప ఆ పేరులోకి పాత అనే మాట రాలేదు. ఈ రోజు ఆ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమందో ఉన్నారు. పక్కింటి చైనీస్ కుటుంబం ఆ ఊరిని ఏమని పిలుస్తుందో ఒకసారి అడిగి చూడమనండి.

మన పాతబస్తీ సంగతీ అంతే. హైదరాబాదు పెరిగి, మూసీకి అవతల కొత్త పేటలు వచ్చాక చార్మినారు చుట్టుపక్కల పాతబస్తీ అయింది. ఇంగ్లీషులో ఓల్డ్ సిటీ. ఏన్షెంట్ సిటీ అనరు.

ఓల్డ్‌కీ ఏన్షెంట్‌కీ మధ్య చైనా విద్యార్థులకు ఇంకో తికమక ఉంది. వాళ్ల భాషలో బహు ప్రాచీనమైనదానికి ఇంకో గు ఉంది. ఇది గొంతు కిందికి దించి, నెమ్మదిగా పలికే గు. ఇందాకటి గు వేరు, ఈ గు వేరు. ప్రాచీన నగరాన్ని గుఛంగ్ అంటారు. 1997లో యునెస్కో చైనాలో రెండు ఊళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యున్నాన్‌లో లిజియాంగ్, షాన్షీలో పింగ్‌యావ్. చైనీస్‌లో రెండూ గుఛంగే. ఇంగ్లీషులో మాత్రం మొదటిది ఓల్డ్ టౌన్ ఆఫ్ లిజియాంగ్. రెండోది ఏన్షెంట్ సిటీ ఆఫ్ పింగ్‌యావ్. ఒకే చైనీస్ మాట, ఒకే ఏడాది, రెండు ఇంగ్లీషు పేర్లు. పిల్లవాడు తికమకపడితే తప్పు ఎవరిది? ఇక్కడా మన ప్రశ్నే వేయాలి. ఓల్డ్ టౌన్‌కి వ్యతిరేకం న్యూ టౌన్. లిజియాంగ్ పక్కనే కొత్త ఊరు ఉంది కూడా. ఏన్షెంట్‌కి వ్యతిరేకం మోడరన్. ఒకటి పక్క ఊరితో పోల్చుకుంటోంది. ఇంకొకటి కాలంతో పోల్చుకుంటోంది.

ఇప్పుడు కూరగాయల బజారుకి వెళ్దాం. మీరు బెండకాయలు కొంటున్నారు. చివర విరిచి చూస్తారు. టక్కున విరిగితే లేత. వంగిపోతే ముదురు. వంకాయ ముదిరితే గింజలు. తోటకూర ముదిరితే కాడలు నార. చైనా ఇల్లాలు కూడా ఇలాగే ఏరుకుంటుంది. ఆవిడ లేతదాన్ని నెన్ అంటుంది. ముదిరినదాన్ని ఏమంటుంది? లావో అంటుంది. తాతగారికి వాడిన అదే లావో.

అంటే చైనీస్‌లో ఈ లావోకి వ్యతిరేకం నెన్. ఇంగ్లీషులో ఓల్డ్‌కి ఇలాంటి వ్యతిరేకం సాధారణంగా ఉండదు. లేత అనడానికి టెండర్ అంటారు. టెండర్‌కి వ్యతిరేకం టఫ్. కాబట్టి చైనా అమ్మాయి హోటల్లో, ది వెజిటబుల్స్ ఆర్ టూ ఓల్డ్ అంటే వడ్డించేవాళ్లు కంగారుపడతారు. ఎప్పుడో కోసి నిల్వ ఉంచిన కూరలు వండారని ఫిర్యాదు చేస్తోందనుకుంటారు. ఆ అమ్మాయి చెప్పదలుచుకున్నది ఒక్కటే. కూర ముదురుగా ఉంది, నమలడానికి గట్టిగా ఉంది. టఫ్ అంటే సరిపోయేది. మాంసం ఎక్కువ ఉడికి గట్టిపడినా చైనీస్‌లో లావోయే. అక్కడ కూడా ఇంగ్లీషులో టఫ్ అనో, ఓవర్‌కుక్డ్ అనో అనాలి. చెట్టు మీద ముదరడం వేరు, సంచిలో పాతబడటం వేరు. మనకు ఆ తేడా తెలుసు. చైనావాళ్లకూ తెలుసు. ఓల్డ్ అనే మాటకు తెలియదు.

కూరల దగ్గర ఆగాం కాబట్టి బియ్యం ముచ్చట కూడా చెప్పాలి. మన ఇళ్లలో పాత బియ్యం అంటే మెచ్చుకోలు. అన్నం పొడిపొడిగా వస్తుంది. కొత్త బియ్యం అయితే ముద్దవుతుంది. చైనాలో సాధారణంగా దీనికి తలకిందులు. ఆ ఏడాది పండిన కొత్త బియ్యమే వాళ్లకు ఇష్టం. పాత బియ్యాన్ని ఛెన్ అంటారు, రుచి పోయినదన్నట్టు. అదే ఛెన్ అనే మాట వెనిగర్ దగ్గరకు వచ్చేసరికి గొప్పదైపోతుంది. షాన్షీ వెనిగర్ ఎంత నిల్వ ఉంటే అంత పేరు. ఇంగ్లీషులో ఇలా నిల్వ వల్ల విలువ పెరిగినవాటికి ఏజ్డ్ అనే మాట ఉంది. బాస్మతి సంచుల మీద ఏజ్డ్ అని చూస్తూనే ఉంటాం. ఓల్డ్ రైస్ అని అచ్చువేస్తే ఎవరు కొంటారు? మెచ్చుకోలుకు ఏజ్డ్, మామూలుకు ఓల్డ్. ఇది మాత్రం నేర్చుకుని తీరాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

వయసు అడగడం గురించి రెండు మాటలు. హౌ ఓల్డ్ ఆర్ యూ. చైనీస్‌లో పిల్లల్ని నీకు ఎన్నేళ్లు అని అడుగుతారు. తోటివాళ్లనైతే నీ దువో దా అంటారు. మాటకు మాట, నువ్వు ఎంత పెద్ద అని. అంటే వాళ్ల ప్రశ్నలో పెద్ద ఉంది. ఇంగ్లీషు ప్రశ్నలో ఓల్డ్ ఉంది. మూడు రోజుల పసిబిడ్డను కూడా త్రీ డేస్ ఓల్డ్ అంటారు. పసిగుడ్డు ముసలిది ఎలా అయింది? వ్యతిరేకం అడగండి. రాదు. త్రీ డేస్ యంగ్ అనరు, త్రీ డేస్ న్యూ అనరు. వ్యతిరేకం రాకపోతే ఓల్డ్ అక్కడ ముసలీ కాదు, పాతా కాదు. వట్టి కొలత. ఓల్డ్ అనే మాట పుట్టిన మూలానికి పెరగడం, పోషించడం అని అర్థం. అడల్ట్ అనే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చింది. మూడు రోజుల పాటు పెరిగిన బిడ్డ అని అనుకుంటే చైనా విద్యార్థికి వెంటనే కుదురుతుంది. వాళ్లు అడిగేదీ ఎంత పెరిగావనే కదా.

ఒక జాగ్రత్త ఉంది. చైనాలో కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ పుట్టగానే ఒక ఏడు లెక్కేస్తారు. కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి కలుపుతారు. మన అమ్మమ్మలు, ఐదు నిండి ఆరో యేడు నడుస్తోంది అంటారే, ఆ ఆరును చెప్పే పద్ధతి. ఇంగ్లీషులో సిక్స్ ఇయర్స్ ఓల్డ్ అంటే ఆరు నిండాలి. అప్లికేషన్లు నింపేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి చెప్తాను. ఇక్కడ జరిగేది వ్యాకరణం తప్పు కాదు. మనసుకు తగిలే దెబ్బ.

ఇంగ్లీషు మాట్లాడే ఒక ఊళ్లో బస్సు ఎక్కారనుకోండి. ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. చదువుకోడానికి వచ్చిన చైనా కుర్రాడు లేచి సీటు ఇస్తాడు. గౌరవంగా, యూ ఆర్ ఓల్డ్, ప్లీజ్ సిట్ డౌన్ అంటాడు. ఆవిడ ముఖం చిన్నబోతుంది. కూర్చోరు కూడా. కుర్రాడికి ఏం తప్పు చేశాడో తెలియదు. మంచి చెయ్యబోయి మొరటువాడు అనిపించుకున్నాడు. ఇలా జరిగినప్పుడు పక్కనున్నవాళ్లు, ఈ దేశం నుంచి వచ్చేవాళ్లకు మర్యాద తెలియదని తేల్చేస్తారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే. ఎందుకంటే ఆ కుర్రాడు తెచ్చిన మాట మర్యాద నిండిన మాట.

లావో అనే మాట చైనీస్‌లో ఎక్కడెక్కడ ఉందో చూడండి. గురువును లావోషి అంటారు. ఇరవై రెండేళ్ల పంతులమ్మ అయినా లావోషియే. వయసుతో పని లేదు. తనకన్నా పెద్దయిన తోటి ఉద్యోగి ఇంటిపేరు వాంగ్ అయితే, లావో వాంగ్ అని పిలుస్తారు. చిన్నవాడైతే షియావ్ వాంగ్. షియావ్ అంటే చిన్న. ఇక బాగా పెద్దవారై, చదువులోనో కళలోనో పేరుపొందినవారైతే మాట వెనక్కి జరుగుతుంది. వాంగ్ లావో అంటారు. లావో వాంగ్ అంటే చనువు. వాంగ్ లావో అంటే భక్తి. ఈ లావోకి వ్యతిరేకం యంగ్ కాదు. నిజానికి పెద్దరికానికి వ్యతిరేకం వయసులో దొరకదు.

ఇంగ్లీషులో ఓల్డ్‌కి ఈ పెద్దరికం లేదు. ఎదురుగా ఉన్న మనిషిని ఓల్డ్ అంటే, వాళ్ల చెవిలో యంగ్ అనే వ్యతిరేకం వెంటనే మోగుతుంది. నీకు పడుచుతనం పోయింది అన్నట్టు వినిపిస్తుంది. మనమూ ఇక్కడ జాగ్రత్తగానే ఉంటాం. ముఖం మీద ముసలావిడ అనం. పెద్దావిడ అంటాం, పెద్దాయన అంటాం. వయసు మాట తప్పించి పెద్ద అనే మాటలోకి వెళ్తాం. ఇంగ్లీషువాళ్లు తప్పించుకునే దారి ఇంకోటి. వాళ్లు ఓల్డర్ అంటారు. ఆన్ ఓల్డర్ మ్యాన్ అంటే, ఆన్ ఓల్డ్ మ్యాన్ కన్నా చిన్నవాడు. వింతగా ఉంది కదూ. పుస్తకంలో ఓల్డ్ కన్నా ఓల్డర్ ఎక్కువ అని చదివాం. ఇక్కడ తక్కువ అవుతోంది. చైనీస్‌లో మాటకు ఇలా తోక తగిలించి ఎక్కువ చేసే పద్ధతి లేదు. తెలుగులోనూ లేదు, కంటే అని పక్కన పెట్టుకుంటాం. అందుకే ఇది వాళ్లకూ మనకూ ఒకేలా కొత్త. దీనికీ వ్యతిరేకమే దారి చూపుతుంది. ఓల్డర్ పీపుల్ అన్నప్పుడు వ్యతిరేకం యంగర్ పీపుల్. ఎవరో ఒకరితో పోల్చి చెప్తున్నారు. ఒకరికన్నా పెద్ద అంటే ఎవరికీ నొప్పి లేదు. ఓల్డ్ అని తేల్చి చెప్తేనే నొప్పి.

అన్నదమ్ముల మాట కూడా ఇందులోదే. చైనీస్‌లో అన్న గఁగ, తమ్ముడు దీది. మనలాగే రెండు వేర్వేరు మాటలు. అన్న గురించి చెప్పాలని మై ఓల్డ్ బ్రదర్ అంటే అది అన్న కాదు, ముసలివాడైపోయిన సోదరుడు. ఓల్డర్ బ్రదర్ అనో, ఎల్డర్ బ్రదర్ అనో అనాలి.

మరి బస్సులో ఆ కుర్రాడు ఏమనాలి? పెద్దగా ఏమీ అనక్కర్లేదు. లేచి నిలబడి, ప్లీజ్ హావ్ మై సీట్ అంటే చాలు. ఓల్డ్ లేదు, యంగ్ లేదు. మర్యాద అంతా సీటు ఇవ్వడంలో ఉంది. ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్లు ఓల్డ్ అనే మాట నేర్పిన రోజే ఈ వాక్యం కూడా నేర్పాలి. అర్థాలన్నీ నెమ్మదిగా వస్తాయి. ఇది మాత్రం మొదటి రోజే రావాలి.

ఈ ఉపాయం ఒక చోట చేతులెత్తేస్తుంది. అదీ చెప్పాలి. ఇంగ్లీషులో గుడ్ ఓల్డ్ అనే జంట ఉంది. గుడ్ ఓల్డ్ టామ్ అంటారు. టామ్ ముసలివాడు కానక్కర్లేదు. గుడ్ న్యూ టామ్ అనరు, గుడ్ యంగ్ టామ్ అన్నా దానికి ఎదురు కాదు. ఎంత వెతికినా వ్యతిరేకం దొరకదు. వయసు కొలత కూడా కాదు. ఇక్కడ ఓల్డ్‌లో వట్టి ఆప్యాయత ఉంది. మనవాడు, ఎప్పుడూ అలాగే ఉండేవాడు, నమ్మదగినవాడు అని. దీన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాదు. చైనా విద్యార్థికి చెప్పడం మాత్రం చాలా సులువు. లావో వాంగ్ అని మీ ఆఫీసులో పిలుస్తారే, ఆ లావో లాంటిదే ఇదీ అంటే చాలు. చాలా చోట్ల అడ్డం తిరిగిన లావో, ఓల్డ్ ఇక్కడ మాత్రం భుజం భుజం కలిపి నడుస్తాయి.